మీది ఏ సంఘం?

పోయిన సంచికలో గోంగూర గురించి రాశాను కదా. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి గోంగూర గురించి కాదు. డర్బన్ నుంచి ఒక అమ్మాయి రాసింది. వయసు ఇరవై ఆరు. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో రాసింది. ఇంగ్లీషు సగాన్ని నేను తెలుగు చేసి ఇక్కడ పెడుతున్నాను.

"టీచర్ గారూ, మా ఇంట్లో నాలుగు తరాలుగా క్రైస్తవులం. నేను రోజూ ప్రార్థన చేస్తాను. ఫోనులో మంచి ప్రసంగాలు వింటాను. ఒక ఆదివారం ఒక చర్చికి వెళ్తాను, ఇంకో ఆదివారం ఇంకో చర్చికి వెళ్తాను. ఎక్కడా పేరు రాయించుకోలేదు. దీనికి మా అమ్మ బాధపడుతోంది. దేవుడు ఒక్కడే కదా, ఒక్క సంఘానికే కట్టుబడి ఉండాలా?"

నేను పాస్టర్‌ని కాదు, బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. పైగా ఈ అమ్మాయి చేస్తున్న పనే నేను పదకొండేళ్ళు చేశాను. కాబట్టి ఉపదేశం చేయను. నాకు జరిగింది చెబుతాను.

ముందు ఒక మాట నేర్చుకుందాం. సంఘం అంటే ఒక పని కోసం, ఒక మాట మీద కలిసిన మనుషుల గుంపు. రైతు సంఘం, మహిళా సంఘం, సహకార సంఘం అంటాం. తెలుగు క్రైస్తవులు కూడా ఇదే మాట వాడతారు. ఇంగ్లీషులో భవనానికీ, మనుషులకూ ఒకటే మాట. తెలుగులో చర్చి అంటే మనకు ముందు భవనం కనిపిస్తుంది. సంఘం అంటే మనుషులే. చర్చికి వెళ్ళడం వేరు, సంఘంలో ఉండడం వేరు. మొదటి పనికి కారు చాలు.

ఈ తేడా నాకు చెప్పింది ఏ పాస్టర్ గారో కాదు, గుడిలో మాకు తెలుగు నేర్పిన మాస్టారు. ఈ శీర్షిక చదివేవాళ్ళలో చాలామందికి ఈ కథ తెలుసు, కానీ కొత్తవాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. మాది నాటాల్ బాప్టిస్టుల కుటుంబం. నా చిన్నప్పటికే మా సంఘంలో ఆరాధన ఇంగ్లీషులోకి మారిపోయింది. తెలుగు బైబిలు చదవగలిగింది మా అవ్వ ఒక్కతే. ఆమె మాకు నేర్పలేదు, మేమూ అడగలేదు. 2006లో మేము క్యారీకి వచ్చాం. కొన్నేళ్ళ తర్వాత పక్కింటివాళ్ళు చెబితే ఒక గుడిలో శనివారం తెలుగు తరగతికి వెళ్ళాను. నలభై దాటిన నేను ఎనిమిదేళ్ళ పిల్లల మధ్య చిన్న కుర్చీలో కూర్చుని అ ఆ లు దిద్దాను.

మొదటి రోజు మాస్టారు అందరినీ ఒకటే ప్రశ్న అడిగారు. "మీది ఏ ఊరు?" పిల్లలు గుంటూరు, వరంగల్, కాకినాడ అని వాళ్ళ అమ్మానాన్నల ఊళ్ళు చెప్పారు. నాకు మా పూర్వీకుల ఊరు తెలియదు. "డర్బన్ అండీ" అన్నాను. మేము క్రైస్తవులమని చెప్పాక ఆయన వెంటనే, "అలాగా అమ్మా, మీది ఏ సంఘం?" అని అడిగారు. ఆయన ఉద్దేశం నన్ను పరీక్షించడం కాదు. "మాది ఫలానా సంఘం" అని నాతో ఒక పూర్తి వాక్యం పలికించాలని, అంతే. నేను "మాది..." అని ఆగిపోయాను. ఖాళీలో పెట్టడానికి మాట లేదు. మాస్టారు దయగా తర్వాతి పిల్లవాడి దగ్గరకు వెళ్ళిపోయారు.

క్యారీ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. ఇది నార్త్ కరోలినాలో ఉంది. ఇక్కడివాళ్ళు ఒక జోకు వేస్తారు. క్యారీ అనే పేరులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలను విడదీస్తే "ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళను కట్టడి చేసే చోటు" అని అర్థం వస్తుందట. అంటే ఈ ఊళ్ళో అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే. శ్రీ వేంకటేశ్వర ఆలయం 2009లో వచ్చింది. 2022లో దానికి 87 అడుగుల గోపురం కట్టారు. చర్చిలకు లెక్కే లేదు. వలస వచ్చినవాళ్ళకు ఇన్ని దొరకడం వరమే. కానీ ఇన్ని ఉన్నప్పుడు మనం చర్చిని కూడా దుకాణంలా చూడటం మొదలుపెడతాం. ఇక్కడ పాటలు బాగుంటాయి, అక్కడ ప్రసంగం బాగుంటుంది, ఇంకోచోట పార్కింగు సులువు.

మేము ఎక్కువగా వెళ్ళింది ఒక పెద్ద చర్చికి. మంచివాళ్ళే. కొత్తగా వచ్చినవాళ్ళకు గుమ్మం దగ్గర ఒక కప్పు కానుకగా ఇస్తారు. నా దగ్గర అలాంటి కప్పులు మూడు ఉన్నాయి. మూడోది మేము వెళ్ళడం మొదలుపెట్టిన నాలుగో ఏట ఇచ్చారు. మా ఆయన ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నేనూ నవ్వాను.

2017 జూలైలో మా అమ్మకు జబ్బు చేసింది. నేను డర్బన్ చేరేసరికి ఆమె ఆసుపత్రిలో మాట్లాడలేని స్థితిలో ఉంది. పది రోజులు బతికింది. ఆ పది రోజులూ, ఆ తర్వాతా మా పాత సంఘంవాళ్ళు చేసింది నేను ఎప్పటికీ మరచిపోను. ఏదో పెద్ద పని అని కాదు. ఒక పాత నోటుబుక్కులో గీతలు గీసి రాత్రి ఎవరు కూర్చోవాలి, పగలు ఎవరు, అన్నం ఎవరు తేవాలి, చెల్లెలి పిల్లల్ని బడి నుంచి ఎవరు తీసుకురావాలి అని పేర్లు రాసుకున్నారు. అమ్మతో పదేళ్ళు మాట్లాడని ఒకావిడ ఉండేది. ఏదో పాత తగాదా. బుధవారం రాత్రి ఆవిడ పేరు కూడా ఉంది. వచ్చింది. తెల్లవారేదాకా అమ్మ కాళ్ళు పట్టి కూర్చుంది. నేను ఏమీ అడగలేదు, ఆవిడ ఏమీ చెప్పలేదు.

మూడు వారాల తర్వాత క్యారీకి తిరిగి వచ్చాను. ఆదివారం పెద్ద చర్చికి వెళ్ళాను. గుమ్మం దగ్గరున్న ఆయన చిరునవ్వుతో "ఎలా ఉన్నారు?" అన్నాడు. బాగున్నానన్నాను. నేను లేనని ఎవరికీ తెలియదు. అమ్మ పోయిందని ఎవరికీ తెలియదు. ఇందులో వాళ్ళ తప్పు ఏమీ లేదు. వాళ్ళు ప్రతి వారం ఒక ఫారం ఇచ్చేవారు, పేరు రాయమని. పదకొండేళ్ళు నేనే రాయలేదు. ఎందుకంటే రాస్తే ఎవరో ఫోను చేస్తారు, ఏదో పని చెబుతారు, డబ్బు అడుగుతారు అని భయం.

నేను టీచర్‌ని. రోజూ పొద్దున హాజరు పట్టీ తీస్తాను. పేరు పట్టీలో ఉన్న పిల్లవాడు రాకపోతే తొమ్మిది గంటలకల్లా ఇంటికి ఫోను వెళ్తుంది. పట్టీలో లేని పిల్లవాడు వెనక బెంచీలో కూర్చుని పాఠం ఎంత శ్రద్ధగా విన్నా, రేపు రాకపోతే మాకు తెలియదు. అతను ఎంత మంచి విద్యార్థి అయినా సరే. ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం చేసి కూడా ఈ సంగతి నా విషయంలో నాకు తట్టలేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి, నాటాల్‌కి వెళ్దాం. మన పెద్దల మొదటి ఓడ, ట్రూరో, 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911లో ఆ వలస ఆగేలోపు 1,52,184 మంది అలా వచ్చారు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు. దాని పక్కన తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు. తోటలో దొరకు కావలసింది ఆ నంబరే.

వాళ్ళలో నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు కొందరు ఉన్నారు. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. ఆ కరువు చివర, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర కాలం అది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, ఊరి బయట ఉండమని చెప్పబడినవాళ్ళు. అలాంటి పల్లెల నుంచి వచ్చిన మనుషులే తర్వాత నాటాల్ చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో కనిపిస్తారు. మా ముత్తవ్వ స్టాంగర్ దగ్గర కియర్స్‌నీలో తేయాకు కోసింది.

ఆ మనుషుల పరిస్థితి ఆలోచించండి. తోట దాటి వెళ్ళాలంటే చీటీ కావాలి. చీటీ లేకుండా కనిపిస్తే జరిమానా, లేదా జైలు. ఆదివారం ఒక్కటే విశ్రాంతి. వాళ్ళు కూడా మా అమ్మాయిలాగే అనుకోవచ్చు, "దేవుడు ఒక్కడే కదా, గుడిసెలో ప్రార్థన చేసుకుంటే చాలు" అని. అది నిజమే కూడా. కానీ వాళ్ళు అక్కడ ఆగలేదు. మాకు ఒక కాపరి కావాలని స్వదేశానికి కబురు పెట్టారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు వచ్చారు. ఆయన్ను పంపింది అమెరికా దొరలు కాదు, తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ. అంటే తెలుగు సంఘాల్లో చిల్లర పోగుచేసి పంపారు. ఆ ఏడు చివరికల్లా కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

సంఘం ఏర్పడడం అంటే ఏమిటి? భవనం అని కాదు. ఒక పుస్తకంలో పేర్లు రాశారు. నంబర్లు కాదు, పేర్లు. ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. ఆదివారం ఎవరు రాలేదో తెలిసేది. తాగి భార్యను కొట్టినవాణ్ణి పిలిచి అడిగేవారు. ఇవి మా అవ్వ చెప్పిన మాటలు. ఆమెకు వాళ్ళ అమ్మ చెప్పింది.

మన పత్రిక పాఠకులకు "కట్టుబడి ఉండటం" అనే మాట నచ్చదని నాకు తెలుసు. మన ముత్తాతలు ఒక కాగితానికి అయిదేళ్ళు కట్టుబడ్డారు. ఆ కట్టు ఎలాంటిదో మన ఇళ్ళలో ఇంకా గుర్తుంది. ఆ తర్వాత స్వేచ్ఛగా ఉండాలంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కూడా కట్టించారు. కాబట్టి ఎక్కడైనా సంతకం పెట్టమంటే మన చెయ్యి వెనక్కి వెళ్తుంది. నా చెయ్యీ అలాగే వెళ్ళింది. అయితే ఆ కాగితం కింద నలిగినవాళ్ళే, ఎవరూ బలవంతం చేయకుండా, ఇంకో పుస్తకంలో తమ పేర్లు రాయించుకున్నారు. ఆ రెండో కట్టు వాళ్ళు ఎంచుకున్నది. విప్పుకోవాలంటే విప్పుకోవచ్చు, జైలు లేదు.

అక్కడ అంతా స్వర్గంలా జరిగిందని చెప్పను. రంగయ్య గారు బతికుండగానే ఆ సంఘాలు రెండుగా చీలాయి. అక్కాచెల్లెళ్ళు చెరోవైపు కూర్చున్నారట. మా అవ్వ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, తన చిన్నప్పటికే అది పాత సంగతి అయినా సరే.

సరే, క్యారీకి వద్దాం. 2018లో మేము ఒక చిన్న తెలుగు సంఘంలో చేరాం. వేరేవాళ్ళ చర్చిలో ఒక హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం కూడుకుంటారు. అందరూ గుంటూరు, ప్రకాశం, హైదరాబాదు నుంచి వచ్చిన కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు. నన్ను "ఆంటీ" అంటారు. నా తెలుగు గుడి తెలుగు. అక్కడ "నమస్కారం" అంటే వీళ్ళు "వందనాలండీ" అంటారు. మొదటి వారం "పూజ ఎన్నింటికి?" అని అడిగాను. ఆరాధన అనాలట. రెండో వారం ఇంకా ఘోరం. ప్రభువు బల్లలో ఇచ్చే రొట్టెను నేను ప్రసాదం అన్నాను. ముందు వరసలో పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. పాస్టరమ్మగారు పెదవి బిగించారు, కానీ ఆమె భుజాలు కూడా కదులుతున్నాయి.

అన్నీ నాకు నచ్చుతాయని కాదు. మూడింటికి అని చెప్పి మూడు ఇరవై అయిదుకు మొదలుపెడతారు. మైకు అంత గట్టిగా ఎందుకో తెలియదు. నేనే ఎంచుకుని స్నేహం చేయాలంటే ఆ హాల్లో సగంమందిని ఎంచుకోను. వాళ్ళూ నన్ను ఎంచుకోరు. కానీ తెలుగులో ఒక సామెత ఉంది: ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు. సావాసం అంటే సహవాసం. సహ అంటే కలిసి, వాసం అంటే ఉండటం. క్రైస్తవులు సంఘంలోని కలయికను కూడా సహవాసం అనే అంటారు. సామెత ఆరు నెలలు అంటోంది. ప్రతి వారం చోటు మార్చేవాళ్ళకు ఆ ఆరు నెలలు ఎప్పటికీ పూర్తికావు.

ఒక సంగతి చెబితే నాకే సిగ్గు. చేరిన రెండో ఏట ఒక చిన్న అమ్మ మీద కేకలేశాను. ఆమె కొడుకు ఆదివారపు బడిలో అల్లరి చేశాడు. టీచర్ గొంతుతో, అందరి ముందు, "పెంపకం ఇలాగేనా?" అన్నాను. ఆ అమ్మాయి ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. మరుసటి మంగళవారం పాస్టరమ్మగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. టీ కూడా తాగకుండా చెప్పింది: "ఆంటీ, మీరు అన్నది తప్పు. బాబుకు ఒక ఇబ్బంది ఉంది. డాక్టర్లకు చూపిస్తున్నాం. మీకు తెలియకపోతే నన్ను అడగాల్సింది." పాత నేనైతే తర్వాతి ఆదివారం ఇంకో చర్చిలో ఉండేదాన్ని. కొత్త కప్పుతో. ఈసారి పుస్తకంలో పేరు ఉంది. వెళ్ళాలంటే కారణం చెప్పాలి, ఆ కారణం నోటితో చెప్పడానికి నాకే బాగాలేదు. క్షమించమని అడిగాను. ఇప్పుడు ఆ బాబు నా తరగతిలో ముందు కుర్చీ. నా గురించి నాకు నిజం చెప్పే హక్కు ఎవరికో ఒకరికి ఉండాలని యాభై ఏళ్ళు దాటాక తెలిసింది. ఫోనులో ప్రసంగం చెప్పే ఆయన ఎంత గొప్పగా చెప్పినా, నేను ఆ పిల్లను ఏడిపించిన సంగతి ఆయనకు తెలియదు కదా.

ఇదంతా రాసి, దీనికి రెండో వైపు రాయకపోతే తప్పు. కట్టుబడి ఉండమని చెప్పే కొన్ని చోట్ల మనుషుల్ని నలిపేస్తారు. లెక్కలు చూపించకుండా కానుకలు అడిగేచోట, ప్రశ్న అడిగితే విశ్వాసం తక్కువ అనేచోట, పిల్లలకు భద్రత లేనిచోట ఉండకండి. లేచి వచ్చేయండి. అది పాపం కాదు. మన ఆంధ్రదేశంలో కులాన్ని బట్టి విడిపోయిన సంఘాలు కూడా ఉన్నాయి. గుండ్లకమ్మలో కలిసి మునిగినవాళ్ళ మనవలు, మునిమనవలు పెళ్ళిళ్ళ దగ్గర కులం చూస్తారు. వీటిని చూసి విసిగిపోయి ఇంట్లో కూర్చున్నవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ ఈ అమ్మాయి ఉత్తరంలో అలాంటి గాయం ఏదీ కనిపించలేదు. నాకున్న భయమే కనిపించింది.

బైబిల్లో రోమా సంఘానికి పౌలు రాసిన ఉత్తరం చివరి అధ్యాయాన్ని చాలామంది దాటేస్తారు. అన్నీ పేర్లే కాబట్టి. మొదటి పేరు ఫీబే. కొరింథు పట్టణానికి రేవు అయిన కెంక్రేయ ఊరి సంఘం మనిషి ఆమె. ఈమెను చేర్చుకోండి, కావలసిన సాయం చేయండి అని పౌలు కోరుతున్నాడు. తర్వాత ప్రిస్కిల్ల, అకుల. డేరాలు కుట్టే దంపతులు. చక్రవర్తి యూదులను వెళ్ళగొడితే రోమా విడిచి కొరింథుకు వలస వెళ్ళారు. వాళ్ళ ఇంట్లో ఒక సంఘం కూడుకునేది. వలస మనుషుల చిట్టా అది, మన ఓడ జాబితాలాంటిదే. కాకపోతే పక్కన నంబర్లు లేవు.

ఫీబే విషయంలో జరిగిన పని బాప్టిస్టుల్లో ఇప్పటికీ ఉంది. ఊరు మారితే పాత సంఘం కొత్త సంఘానికి ఉత్తరం రాస్తుంది. 2018లో క్యారీ పాస్టర్ గారు "మీ పాత సంఘం నుంచి ఉత్తరం తెప్పించగలరా అమ్మా?" అని అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ళయింది. నా పేరు ఎప్పుడో కొట్టేసి ఉంటారు అనుకున్నాను. అయినా రాశాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. సంఘ కార్యదర్శి, నాతో ఆదివారపు బడిలో చదువుకున్న ఆవిడే, రాసింది. మా పేర్లు పుస్తకంలో "దూరంగా ఉన్నవారు" అనే పేజీలో ఉన్నాయట. ప్రతి సంవత్సరం డిసెంబరు 31 రాత్రి ఆ పేజీ పైకి చదివి ప్రార్థన చేస్తారట. పన్నెండు సార్లు చదివారు. ఉత్తరం కింద ఇంకో వాక్యం ఉంది: మీరు చేరిన సంఘం పేరు, ఊరు స్పష్టంగా రాసి పంపండి, అది అందేదాకా మీ పేరు కొట్టెయ్యం.

అమ్మాయీ, నీకు బాప్తిస్మం ఎక్కడ ఇచ్చారో మీ అమ్మను అడుగు. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉందో ఆమెకు తెలిసే ఉంటుంది. వెళ్ళి ఒకసారి చూడు, నీ పేరు ఏ పేజీలో ఉందో.

వచ్చే సంచికలో మళ్ళీ గోంగూరే. ఎండుమిరపకాయలు ఎన్ని వేయాలని మారిషస్ నుంచి ఇద్దరు అడిగారు.